మేస్త్రికి గేటు తెరవండి: పాత కార్ల ప్రదర్శనల నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

వింటేజ్, క్లాసిక్ కార్ల ప్రదర్శనలు నిర్వహిస్తున్న సంఘాల పెద్దలకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పర్యాటక, రవాణా శాఖల అధికారులకు నమస్కారాలతో రాస్తున్న లేఖ ఇది.

నేను విజయవాడ వాసిని. ప్రభుత్వ ఐటీఐలో మోటారు మెకానిక్ ట్రేడు బోధించి పదవీ విరమణ చేశాను. మా నాన్నగారు 1974లో సెకండ్ హ్యాండులో కొన్న 1966 నాటి ఫియట్ 1100 డి కారు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. ఆయన జీతానికి అది తలకు మించిన భారమే అయినా, మా వీధిలో పురుడు వచ్చిన ఇళ్లకూ, పెళ్లికూతుర్ని తీసుకురావలసిన ఇళ్లకూ ఆ కారు ఎన్నిసార్లు వెళ్లిందో లెక్క లేదు. ఆయన పోయాక దాన్ని అమ్మేయమని సలహా ఇచ్చినవారు చాలామంది ఉన్నారు. అమ్మలేదు. పాత కార్ల ప్రదర్శనలకు తీసుకువెళ్లడం 2009లో మొదలుపెట్టాను. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ప్రదర్శనల ఖర్చు ఎలా పెరుగుతూ వచ్చిందో, దానివల్ల ఎవరెవరు రావడం మానుకున్నారో నా కళ్లతో చూశాను కనుక ఈ నాలుగు మాటలు మీ ముందు ఉంచే హక్కు నాకు ఉన్నదనుకుంటున్నాను.

ముందు నా సొంత లెక్క చెబుతాను. 2009లో హైదరాబాదులో జరిగిన ఒక ప్రదర్శనకు మా ఫియట్‌ను నేనే నడుపుకుంటూ వెళ్లాను. సుమారు 275 కిలోమీటర్ల దారి. తెల్లవారుజామున బయలుదేరి, గంటకు 60 కిలోమీటర్లు మించకుండా, దారిలో రెండుచోట్ల బానెట్ ఎత్తి ఇంజను చల్లార్చుకుంటూ మధ్యాహ్నానికి చేరాను. కారును ప్రదర్శనలో నిలిపినందుకు ఐదు వందల రూపాయలు కట్టాను, చూడవచ్చినవారికి టికెట్టే లేదు. రానూపోనూ పెట్రోలుతో కలిపి నా ఖర్చు మూడు వేలు దాటలేదు. గత చలికాలం అదే నగరంలో మరొక ప్రదర్శనకు అదే కారును తీసుకువెళ్లాను. ప్రవేశ రుసుము 7,500 రూపాయలు. కార్లు ముందురోజు సాయంత్రానికే, అడుగుభాగంతో సహా దుమ్ము లేకుండా, న్యాయనిర్ణేతల పరిశీలనకు సిద్ధంగా ఉండాలన్న నిబంధన వల్ల లారీ మీద ఎక్కించి పంపక తప్పలేదు, రానూపోనూ 32,000. ముగ్గురికి రెండు రాత్రుల బసకు 9,000, భోజనాలకు 4,000, ముందుగా చేయించిన పనులకు 6,500, నాతో వచ్చిన, కారు బాగుచేసే మేస్త్రిగారు వదులుకున్న కూలికి 3,000. వీటన్నిటికీ తోడు ఇంకో 1,200 రూపాయలు ఖర్చయ్యాయి. మొత్తం 63,200. నా పింఛనులో ఇది ఎంత భాగమో చెప్పుకోను గాని, ఈ ఏడాది మళ్లీ రాగలనని మాత్రం చెప్పలేను.

ఆ చివరి 1,200 రూపాయల సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మా మేస్త్రిగారు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నలభై ఏళ్లకు పైగా పని చేస్తున్న మనిషి. మా ఫియట్ ఇంజను ఆయన చేతుల్లో మూడుసార్లు విప్పబడి, మూడుసార్లు కూర్చబడింది. ఆ ప్రదర్శనలో ఒక్కొక్క కారుతో ఇద్దరికే ఉచిత ప్రవేశం ఉంది. యజమానినైన నాకొకటి, నా భార్యకొకటి సరిపోయాయి. మేస్త్రిగారికి విడిగా సందర్శకుల టికెట్టు కొనాలన్నారు, దాని ధర 1,200. కొంటానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "నా రోజు కూలి కంటే ఎక్కువ పెట్టి లోపలికొచ్చి నేనేం చూస్తానయ్యా, నేను చూడని బండా ఇది? మీరు వెళ్లిరండి, నేనిక్కడే ఉంటాను" అని ప్రహరీ పక్కన వేపచెట్టు నీడన కూర్చున్నారు. నేను మరికొంచెం గట్టిగా పట్టుబట్టవలసింది.

కార్లను వరుసలో నిలపడానికి గంటకు పైగా పట్టింది. ఇంజను నడుస్తూనే అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ ఉండగా, న్యాయనిర్ణేతల వేదికకు పది గజాల దూరంలో మా కారు ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది కాని ఇంజను అందుకోవడం లేదు. వెనక ఇరవై కార్లు ఆగాయి. చొక్కాకు బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రవాడొకడు వచ్చి కారును తోసి పక్కకు పెట్టమన్నాడు. మోటారు మెకానిక్ పాఠాలు చెప్పినవాణ్ణే అయినా, అంతమంది ముందు నా చేతులు ఆడలేదన్నది నిజం. గేటు దగ్గరికి పరుగెత్తి, 1,200 కట్టి, మేస్త్రిగారిని లోపలికి తీసుకువచ్చాను. ఆయన బానెట్ ఎత్తి, ఇంజనుకు పెట్రోలు లాగి అందించే ఏసీ పంపు మీద వేలు పెట్టి చూసి, భుజం మీది తువ్వాలును నీళ్లలో తడిపి పంపు చుట్టూ చుట్టారు. వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై, పంపు దాన్ని లాగలేకపోతోంది. పాత ఫియట్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. ఐదు నిమిషాలు ఆగి సెల్ఫ్ కొట్టమన్నారు. కారు అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆ తరువాత ఆయన రెండు గంటలపాటు ఆ మైదానంలో తిరిగారు. ఒక స్టాండర్డ్ హెరాల్డు ముందు నిలబడి, ముందు భాగమంతా ఒకే మూతలా ఎలా లేస్తుందో తొమ్మిదేళ్ల పిల్లవాడొకడికి వివరించారు. మోరిస్ మైనర్ యజమానికి ఇంజను వాల్వులను తెరిచే టాపెట్ల శబ్దం విని సందు ఎంత పెరిగిందో చెప్పారు. మరో ఇద్దరు యజమానులు ఆయన ఫోను నంబరు రాసుకున్నారు. ఆ మైదానంలో ఉన్న కార్లలో ఎన్నింటిని ఎవరు కడిగి తుడిచారో గాని, ఆగిపోయిన కారును మళ్లీ నడిపించగల మనిషి పొద్దుటినుంచీ గోడ బయట ఉన్నాడు. అతన్ని బయట కూర్చోబెట్టింది టికెట్టు ధర.

అయ్యా, ఇది ఒక మనిషికి జరిగిన అగౌరవంగా మాత్రమే చూడవద్దని మిమ్మల్ని వేడుకుంటున్నాను. మన దేశంలో పాత కార్లు బతికి ఉండడానికి కారణం డబ్బున్న సేకర్తలు ఒక్కరే కాదు. 1958 నుంచి 2014 దాకా హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో తయారైన అంబాసిడర్లు, బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్లు, మద్రాసులో తయారైన హెరాల్డులు విడిభాగాలు దొరకని రోజుల్లో కూడా రోడ్ల మీద తిరిగాయంటే, అందుకు ఆటోనగర్ లాంటి చోట్ల లేత్ మిషను మీద బుష్‌లు తిప్పినవారు, పగిలిన హౌసింగ్‌కు అతుకు వేసినవారు, సొట్టలు పడిన రేకును చెక్క సుత్తితో అసలు వంపుకు తెచ్చిన టింకరింగ్ పనివారు కారణం. వారిలో ఎవరూ తమ పనిని పుస్తకంలో రాసిపెట్టలేదు. ఇంజనులో నిప్పురవ్వ పుట్టడానికి తోడ్పడే కాంటాక్టు పాయింట్ల సందును గేజి లేకుండా ఎలా పెట్టాలో, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బొరేటరు ఎక్కువ పెట్రోలు తాగుతోందని పొగగొట్టం మసి రంగు చూసి ఎలా పోల్చుకోవాలో ఒకరి నుంచి ఒకరికి చూసి నేర్చుకోవడం ద్వారానే వచ్చింది. నేను ఐటీఐలో చేరిన కొత్తలో కార్బొరేటరు పాఠం వారాల తరబడి చెప్పేవాళ్లం. ఫ్యూయల్ ఇంజెక్షను వచ్చాక దాని అవసరమే తగ్గిపోయింది. ఇవాళ్టి విద్యార్థికి కార్బొరేటరుతో నడుస్తున్న పాత కారు ఇంజన్లను ఒకేచోట దగ్గరగా చూపించగల చోటు మీ ప్రదర్శనే. ఆ ప్రదర్శనకు 1,200 రూపాయలు పెట్టి ఏ ఐటీఐ విద్యార్థి వస్తాడు? మా విద్యార్థులలో చాలామంది బస్ పాసు మీద కాలేజీకి వచ్చే పిల్లలు.

కుటుంబాల సంగతి కూడా అంతే. గత ప్రదర్శనలో ఐదేళ్లు దాటిన పిల్లలకు పూర్తి టికెట్టు తీసుకున్నారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు వస్తే 4,800, పార్కింగుకు 300, ఇంటినుంచి తెచ్చిన మంచినీళ్ల సీసా లోపలికి పోనివ్వరు గనుక దానికి వేరే. గేటు దగ్గర ధరల పట్టిక చదివి, పిల్లల్ని ఎత్తుకుని కమ్మీల్లోంచి కాసేపు చూపించి వెనక్కి మళ్లిన వారిని ఆ ఉదయం నేను ఒక్కచోట నిలబడే ఏడెనిమిది కుటుంబాలను లెక్కపెట్టాను.

నిర్వాహకుల ఖర్చు నాకు తెలియనిది కాదు. మైదానం అద్దె, కాపలా, బీమా, అంబులెన్సు, అగ్నిమాపక ఏర్పాట్లు, అనుమతుల రుసుములు, శుభ్రత, విదేశాలనుంచి పిలిపించే న్యాయనిర్ణేతల ప్రయాణం, ఇవన్నీ పెరిగాయి. ఉచిత ప్రవేశం పెట్టినప్పుడు జనం కార్ల మీద చేతులు వేసి రంగు గీతలు పడ్డాయనీ, ఒకరి కారు బానెట్ మీది చిహ్నం మాయమైందనీ విన్నాను, నమ్ముతాను కూడా. ఇలాంటి సంఘాల్లో చాలామంది జీతం భత్యం లేకుండా నెలల తరబడి పనిచేస్తారు. వారి మీద నాకు గౌరవం ఉంది. కాని ప్రదర్శనను పచ్చిక మైదానం ఉన్న ఖరీదైన హోటలుకు తరలించడం, వేదిక, విందు, వాద్యబృందం చేర్చడం ఖర్చు పెరిగినందువల్ల తప్పనిసరై జరిగినవి కావు. అవి ఎంచుకున్నవి. వాటి భారాన్ని కారు చూద్దామని వచ్చిన మనిషి నెత్తిన ఎందుకు వేయాలన్నదే నా ప్రశ్న.

పాత మోటారు బండ్ల వేడుక పుట్టింది రోడ్డు మీద. 1896 నవంబరులో ఇంగ్లండులో మోటారు బండ్ల వేగం మీద ఉన్న ఆంక్షలు సడలినప్పుడు ఆ సంతోషంతో లండన్ నుంచి బ్రైటన్ దాకా బండ్లు నడిపారు. దాని జ్ఞాపకార్థం 1927లో మళ్లీ మొదలైన ఆ పరుగు నేటికీ ఏటా నవంబరులో జరుగుతుంది. 1905కు ముందు తయారైన బండ్లు వెళుతుంటే దారి పొడుగునా ఊళ్లవాళ్లు రోడ్డు పక్కన నిలబడి చూస్తారు, వారికి టికెట్టు లేదు. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టింది. ఆ ర్యాలీ అసలు అర్థమే కార్లు నగర వీధుల్లో నడవడం. ఆఫీసుకు పోయేవాడు, కూరగాయల బండివాడు, బడిపిల్లలు అందరూ దానికి ప్రేక్షకులే. కారు పోటీలో నిలవాలంటే ముందు తన చక్రాల మీద తాను నడవగలగాలన్నది అక్కడి సంప్రదాయం.

కాంకూర్ పద్ధతి వేరు. కార్లను పచ్చికలో నిలిపి, అందాన్నీ పునరుద్ధరణలోని ఖచ్చితత్వాన్నీ చూసి బహుమతి ఇస్తారు. దాని విలువ దానికి ఉంది. ఒక్క మర తల ఏ కాలానిదో పట్టించుకునే ఆ శ్రద్ధ వల్లనే కొన్ని అపురూపమైన కార్లు అసలు రూపానికి వచ్చాయి. కాని ఆ పద్ధతి వెంట దాని ధరలు కూడా వస్తాయి. కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్ ప్రదర్శన 1950లో ఒక రోడ్డు రేసుకు తోడుగా చిన్నగా మొదలైంది. ఇవాళ ఆ ఒక్క ఆదివారం లోపలికి వెళ్లడానికి వందల డాలర్లు కావాలి. అదే వారంలో జరిగే క్వెయిల్ అనే మరో వేడుక టికెట్టు వెయ్యి డాలర్లు దాటింది. మన హైదరాబాదులో 2017 ఫిబ్రవరిలో ఫలక్‌నుమా ప్యాలెస్‌లో జరిగిన కార్టియే కాంకూర్ ఆహ్వానితులకు మాత్రమే. ప్రైవేటు సంస్థ తన ఖర్చుతో తన అతిథులకు చేసుకున్న వేడుక గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు. సభ్యుల చందాలతో, ప్రభుత్వ స్థలాల్లో, పోలీసు బందోబస్తుతో, మోటారు వారసత్వ పరిరక్షణ పేరిట జరిగే ప్రదర్శనలు కూడా ఆ నమూనానే గొప్పదనుకుని అటు నడవడం నాకు బాధ కలిగిస్తోంది.

అమెరికాలోనే మరో నమూనా ఉంది. మా అక్క కొడుకు డెట్రాయిట్ దగ్గర ట్రాయ్‌లో ఉంటాడు. ఏటా ఆగస్టు మూడో శనివారం మడతకుర్చీ పట్టుకుని ఉడ్‌వర్డ్ ఎవెన్యూ పక్కన కూర్చుంటాడు. 1995లో ఫెర్న్‌డేల్ అనే చిన్న ఊరిలో పిల్లల సాకర్ మైదానం కోసం డబ్బు పోగుచేయడానికి మొదలుపెట్టిన ఆ ఊరేగింపులో ఇప్పుడు వేల కార్లు వస్తాయి, లక్షల మంది చూస్తారు. ప్రేక్షకులకు రుసుము లేదు. పెన్సిల్వేనియాలోని హెర్షీలో 1955 నుంచి ఏటా అక్టోబరులో పాత కార్ల సంఘం జరిపే పెద్ద సమావేశానికీ, అక్కడి పాత సామాను సంతకూ కూడా సందర్శకుల దగ్గర టికెట్టు తీసుకోరు. బండి నిలుపుకున్నందుకు డబ్బు తీసుకుంటారు, సంతలో అంగడి స్థలానికి డబ్బు తీసుకుంటారు. అంటే ప్రదర్శన ఖర్చును చూడవచ్చినవాడి మీద వేయకుండా, అమ్ముకోవచ్చినవాడి మీద, ప్రచారం కోరుకునేవాడి మీద వేయడం సాధ్యమేనన్నమాట.

అంత దూరం వెళ్లనక్కరలేదు. నాంపల్లి నుమాయిష్ 1938లో మొదలైంది. జనవరిలో మొదలై నెలన్నర పాటు ప్రతి సాయంత్రం జరిగే ఆ ప్రదర్శనకు గేటు టికెట్టు ఇవాళ్టికీ రెండంకెల్లోనే ఉంది. దాన్ని నిర్వహించే ఎగ్జిబిషన్ సొసైటీ దుకాణాల అద్దెలతో నడుస్తూ, మిగులుతో విద్యాసంస్థలు నడుపుతోంది. కూలి మనిషి కూడా కుటుంబంతో వెళ్లగలిగే ఆ మైదానంలో ఒక్క ఆదివారం నలభై పాత కార్లను నిలపడానికి చోటు దొరకదా? అలాగే చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేయించమన్న 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. ఆయన దాన్ని చూడకుండానే 1911లో కన్నుమూశారు. ఒకప్పుడు సింహాసనంలాంటి ఆసనంతో పాలకుడి కోసం తయారైన ఆ కారును ఇవాళ మామూలు ప్యాలెస్ టికెట్టుతో పాతబస్తీ పిల్లలు అద్దం ఇవతల నిలబడి చూడగలుగుతున్నారు. నేను పనిచేసిన ఐటీఐ నుంచి ఒకసారి విద్యార్థులను అక్కడికి తీసుకువెళ్లాను. మా పిల్లలు దాని దీపాల ఇత్తడి పనిని చూస్తూ ఎంతసేపు నిలబడ్డారో నాకు గుర్తుంది. నిజాం కారును చూడగలిగిన పిల్లలు గుమాస్తాలాంటి మామూలు మనిషి కారును చూడలేకపోవడం న్యాయం కాదు.

ఇక ప్రభుత్వాల వంతు. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్లు దాటిన, అసలు రూపం మారని వాహనాలకు "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. తరువాతి పునరుద్ధరణకు 5,000. గుర్తింపు ఇచ్చినందుకు సంతోషమే. అయితే ఆ నంబరు ఉన్న వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించడానికి, మరమ్మతులకు మాత్రమే రోడ్డెక్కవచ్చు. దీని పర్యవసానం గమనించండి. చట్టం ఆ కారుకు మిగిల్చిన ప్రధానమైన బయటి ప్రపంచం ప్రదర్శనే. ఆ ప్రదర్శన యజమాని స్తోమతకు అందకుండా పోతే, ఆ కారు షెడ్డులోనే ఉండిపోతుంది. నడవని కారుకు తుప్పు, ఎలుకలు, ఎండిపోయిన రబ్బరు ఎలాగూ తప్పవు.

మామూలు రిజిస్ట్రేషనుతోనే కొనసాగే మావంటివారి పరిస్థితి కూడా మెరుగ్గా లేదు. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు ఒకప్పుడు 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. విదేశాలనుంచి దిగుమతైన నాలుగు చక్రాల వాహనమైతే 80,000. దిగుమతై వచ్చి నలభై ఏళ్లు, యాభై ఏళ్లు మన నేల మీదే తిరిగిన మోరిస్, ఆస్టిన్ బండ్లు కూడా ఈ చివరి కోవలోకే వస్తాయి. పొగ ఎక్కువగా వదిలే పాత వాహనాలు రోడ్డు మీద తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. ఏడాదికి ఐదు వందల కిలోమీటర్లు కూడా తిరగని కారునూ, రోజుకు రెండు వందల కిలోమీటర్లు తిరిగే పాత ట్యాక్సీనీ ఒకే తక్కెడలో తూచడం మాత్రం సరికాదు. దీనికి తోడు, ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు పాత కార్ల రబ్బరు గొట్టాలనూ, పంపు లోపలి డయాఫ్రం పొరనూ తొందరగా పాడుచేస్తోంది. నేను ముందు చెప్పిన 6,500 రూపాయల పనుల్లో సగం దాని పుణ్యమే. ప్రదర్శనకు రావడానికయ్యే ఖర్చు గేటు దగ్గర మొదలవదు, ఇంటి దగ్గర షెడ్డులోనే మొదలవుతుందని నిర్వాహకులు గుర్తిస్తే, గేటు దగ్గరైనా కొంచెం తగ్గించాలన్న ఆలోచన వస్తుంది.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ప్రతి కారుతో వచ్చే మేస్త్రికి లేదా డ్రైవరుకు, యజమాని కుటుంబంతో సంబంధం లేకుండా, అతని పనిని పేర్కొంటూ ఒక ఉచిత ప్రవేశపత్రం ఇవ్వండి. ఆ కారును ఎవరు బాగుచేశారో కారు ముందు పెట్టే పలకమీద యజమాని పేరు కింద రాయండి. అంతర్జాతీయ కాంకూర్‌లలో పునరుద్ధరణ చేసిన వర్క్‌షాపు పేరు గర్వంగా చెప్పుకుంటారు. మన దగ్గర ఆ మర్యాద ఇంకా రాలేదు. భారతదేశంలో తయారైన మామూలు కార్లకు, ఒకే కుటుంబంలో తరాలుగా ఉన్న కార్లకు వేరే తరగతి పెట్టి, దానికి నామమాత్రపు రుసుము తీసుకుని, సొంతంగా నడుపుకుని వచ్చిన కారుకు దుమ్ము ఉన్నందుకు మార్కులు తగ్గించకండి. రెండు రోజుల ప్రదర్శనలో ఒక పూట, కనీసం ఒక ఉదయం, పన్నెండేళ్ల లోపు పిల్లలకూ ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులకూ గేటు తెరిచి ఉంచండి. కార్ల మీద చేతులు పడతాయన్న భయం ఉంటే మా విద్యార్థులనే కాపలాకు పెట్టండి. వాళ్లు తామూ నేర్చుకుంటారు, కార్లనూ చూసుకుంటారు. ప్రదర్శన ముగిశాక వచ్చిన డబ్బెంత, దేనికెంత ఖర్చయిందన్నది ఒక్క కాగితం మీద వేసి సభ్యులకు పంపండి. ధర ఎందుకు పెరిగిందో తెలిస్తే సగం అసంతృప్తి అక్కడే తీరుతుంది.

పర్యాటక శాఖల అధికారులకు నా విన్నపం మరొకటి. 2021లో హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలను ఆపి రోడ్డును జనానికి వదిలారు. నగరమంతా దాన్ని మెచ్చుకుంది. 2023 ఫిబ్రవరిలో ఫార్ములా-ఈ అనే విద్యుత్ కార్ల రేసు కోసం హుస్సేన్‌సాగర్ చుట్టుపక్కల రోడ్లను రోజుల తరబడి మూశారు. అంతటి ఏర్పాటు చేయగల ప్రభుత్వాలకు, ఏడాదిలో ఒక్క ఆదివారం ఉదయం మూడు గంటలు ట్యాంక్‌బండ్ మీదగానీ, విజయవాడ కృష్ణా ఒడ్డునగానీ, విశాఖ బీచ్ రోడ్డులోగానీ పాత కార్లు నడిచేందుకు దారి ఇవ్వడం కష్టం కాదు. మైదానం అద్దె ఉండదు, టికెట్టు ఉండదు, వేదిక ఉండదు. రోడ్డు పక్కన నిలబడ్డవారే ప్రేక్షకులు. ఆ ఊరేగింపులో పాల్గొన్న కార్లకు రిజిస్ట్రేషను పునరుద్ధరణ రుసుములో రాయితీ ఇవ్వవలసిందిగా కేంద్రానికి సిఫారసు చేసే అధికారం రవాణా శాఖలకు ఎలాగూ ఉంది.

ముంబయి వీధుల్లో 2023 అక్టోబరు చివర పద్మినీ ట్యాక్సీల కాలం ముగిసినప్పుడు, దశాబ్దాల పాటు వాటిని నడిపిన డ్రైవర్లు వాటికి వీడ్కోలు చెప్పారని చదివాను. మా ఫియటుకు దగ్గర చుట్టాలు అవి. ఆ వార్త మా మేస్త్రిగారికి చదివి వినిపిస్తే ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మన బండి పాయింట్లు మార్చి ఏడాదైంది, రేపు తీసుకురండి" అన్నారు.

వచ్చే చలికాలపు ప్రదర్శనకు దరఖాస్తుల గడువు ఇంకా ఉంది. ప్రవేశపత్రాల నిబంధన మారిందని తెలిసిన రోజున ముగ్గురి పేర్లతో నా దరఖాస్తు పంపుతాను. అందులో మొదటి పేరు మేస్త్రిగారిది. మీ సమాధానం కోసం ఎదురుచూస్తుంటాను.

భవదీయుడు,
1966 ఫియట్ 1100 డి యజమాని,
విశ్రాంత ఐటీఐ బోధకుడు, విజయవాడ.